ముఖానికి కాస్మెటిక్ సర్జరీ చేయించుకునే ముందు: ఏం చూసుకోవాలి, ఎలా సిద్ధపడాలి

ముందు ఒక కాగితం తీసుకుని ఒకే ఒక్క వాక్యం రాయండి. మీ ముఖంలో ఏ భాగం మిమ్మల్ని ఇబ్బంది పెడుతోంది, అది ఎలా మారాలి? డాక్టర్‌ని వెతకడం, ఖర్చు లెక్కేసుకోవడం, ఇంట్లో చెప్పడం అన్నీ ఆ తర్వాతే.

మా అక్క పై కనురెప్పల ఆపరేషన్ చేయించుకున్నప్పుడు మొదటి కన్సల్టేషన్ నుంచి కుట్లు విప్పేదాకా నేను వెంటే ఉన్నాను. సర్జన్ అడిగిన మొదటి మాట "మీకేం ఇబ్బందమ్మా?" అని. అక్క తడుముకోకుండా చెప్పింది: "రెప్పల మీది చర్మం జారి కంటికి అడ్డం వస్తోందండీ. సాయంత్రమయ్యేసరికి నుదురు పైకి ఎత్తిపట్టి చదవాల్సి వస్తోంది. తలనొప్పి కూడా." ఆ మూడు ముక్కలతో ఆయనకు ఏం చూడాలో, ఏ పరీక్షలు చేయాలో తెలిసిపోయింది. అక్క ఆ మాటలు వారం రోజులు కూర్చుని రాసుకుంది. అంతకుముందు ఆమె కాగితం మీద ఉన్నది "ముఖం అలసటగా కనిపించకూడదు" అని మాత్రమే.

"బాగా కనిపించాలి", "ఫ్రెష్‌గా ఉండాలి" అని వెళ్తే ఆ మాటల్ని ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు. మీ మనసులో ఒకటి ఉంటుంది, సర్జన్ మనసులో ఇంకొకటి. కోత పడేది మాత్రం మీ ముఖం మీద. "పక్క నుంచి చూస్తే ముక్కు దూలం మీద బొడిపె కనిపిస్తోంది, అది తగ్గాలి" అన్నది వాక్యం. "నా ముక్కు నాకు నచ్చలేదు" అన్నది బాధ. బాధ కూడా నిజమే, కాదనను. కానీ సర్జన్ చేయగలిగేది వాక్యానికే. ఎంత ప్రయత్నించినా వాక్యం కుదరకపోతే కాగితం మడిచి లోపల పెట్టి నెల తర్వాత మళ్లీ తీయండి.

ఫోన్‌లో కాదు, ఐదారు అడుగుల దూరం నుంచి చూసుకోండి

ముక్కు పెద్దగా ఉందని బాధపడేవాళ్లు చాలామంది చూపించేది సెల్ఫీ. ఫోన్‌ని ముఖానికి దగ్గరగా పెట్టినప్పుడు ముక్కు కొస కెమెరాకు బాగా దగ్గరవుతుంది, చెవులు దూరంగా ఉండిపోతాయి. అందుకే ముక్కు ఉబ్బినట్టు పడుతుంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని లెక్కకట్టింది. 12 అంగుళాల దూరం నుంచి తీసిన ఫోటోలో ముక్కు వెడల్పు, 5 అడుగుల దూరం నుంచి తీసినదానితో పోలిస్తే, దాదాపు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. లేని 30 శాతం కోసం ఆపరేషన్ బల్ల ఎక్కకూడదు.

ఇంకొకరి చేత ఫోటోలు తీయించుకోండి. పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడండి, ఫోన్ మీ కళ్ల ఎత్తులో, ఐదారు అడుగుల దూరంలో ఉండాలి. ముఖం నిండుగా పడాలంటే దగ్గరికి రాకుండా జూమ్ చేయమనండి. ఫిల్టర్ వద్దు, మేకప్ వద్దు, నవ్వు వద్దు. ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచీ, కొంచెం ఏటవాలుగా రెండు, గడ్డం పైకెత్తి కింది నుంచి ఒకటి. చివరగా నవ్వుతూ ఒకటి. తేదీ వేసి దాచుకోండి, ఏడాది తర్వాత వీటితో పని ఉంది.

అద్దం సంగతీ అంతే. అందులో కుడి ఎడమలు తారుమారై కనిపిస్తాయి. 1977లో జరిగిన ఒక ప్రయోగంలో మనుషులకు వాళ్ల ఫోటోనే రెండు రకాలుగా చూపించారు, ఒకటి మామూలుగా, ఒకటి అద్దంలోలా తిప్పి. ఎక్కువమంది తమకు అద్దంలోలా ఉన్నదే నచ్చిందన్నారు. వాళ్ల స్నేహితులు మాత్రం మామూలు ఫోటోనే బాగుందన్నారు. అలవాటైన ముఖమే మన కంటికి బాగుంటుంది. ఫోటోలో మన ముఖం ఏదో వంకరగా ఉందనిపించడానికి ఇదీ ఒక కారణం.

ఇంకో పని చేయండి. ఒక కాగితంతో ముఖాన్ని నిలువునా సగం మూసి చూడండి, తర్వాత రెండో సగం మూయండి. ఒక కనుబొమ్మ రవ్వంత ఎత్తులో ఉంటుంది. ఒక ముక్కుపుటం వెడల్పుగా ఉంటుంది. నవ్వు ఒక పక్కకి లాగుతుంది. అందరి ముఖాలూ ఇంతే, ఆపరేషన్ తర్వాత కూడా ఈ తేడాలు చాలావరకు అలాగే ఉంటాయి. ముందే చూసిపెట్టుకోకపోతే, వాపు తగ్గుతున్న రోజుల్లో అద్దం ముందు నిలబడ్డప్పుడు ఇవి మొదటిసారి కంటపడి, సర్జన్ చేసిన పొరపాట్లలా అనిపిస్తాయి.

ఇప్పుడే ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు మీకు మీరు చెప్పుకోవాలి, ఇంకెవరికీ చెప్పక్కర్లేదు. పదేళ్లుగా మనసులో ఉన్న కోరిక వేరు, నిన్నగాక మొన్న ఎవరో అన్న మాట వల్ల పుట్టిన కోరిక వేరు. భర్తో, అమ్మో, స్నేహితురాలో చేయించుకోమంటున్నారని వెళ్లకండి. నొప్పి భరించేది మీరు, ఆ ముఖంతో బతికేది మీరు. విడాకులు, దగ్గరివాళ్ల మరణం, ఉద్యోగం పోవడం లాంటి దెబ్బ తగిలిన కొత్తలో కూడా ఈ నిర్ణయం తీసుకోవద్దు. ఆ రోజుల్లో దేన్నో ఒకదాన్ని మార్చేయాలని అనిపిస్తుంది, ముఖం చేతికి అందుబాటులో ఉంటుంది. ఆర్నెల్లు ఆగండి. అప్పటికీ అదే కోరిక ఉంటే అది మీదే.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. రోజులో గంటకు మించి ఆ ఒక్క లోపం గురించే ఆలోచిస్తున్నారా? అద్దంలో పదే పదే చూసుకోవడమో, అద్దాలనే తప్పించుకు తిరగడమో చేస్తున్నారా? దానివల్ల బయటికి వెళ్లడం, పని, స్నేహాలు మానేశారా? ఇతరులు "ఏమీ కనిపించట్లేదే" అంటున్నారా? అలాగైతే ముందు వెళ్లాల్సింది మానసిక వైద్యుల దగ్గరికి. దీనికి బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అని పేరుంది. నూటికి ఇద్దరిలో ఉంటుందని అంచనా, కాస్మెటిక్ క్లినిక్‌లకు వచ్చేవాళ్లలో ఇంకా ఎక్కువ. వీళ్లకు ఆపరేషన్ బాగా జరిగినా బాధ సాధారణంగా తీరదు, ఇంకో చోటికి మారవచ్చు. మాటలతో చేసే చికిత్సకు, మందులకు ఇది లొంగుతుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పిల్లల విషయంలో ముఖం ఎదుగుదల పూర్తికావాలి. ముక్కుకైతే ఆడపిల్లలకు 15, 16 ఏళ్లు, మగపిల్లలకు 17, 18 వచ్చేదాకా సాధారణంగా ఆగుతారు. ముందుకు పొడుచుకొచ్చిన చెవుల ఆపరేషన్ ఒక్కటే చిన్నప్పుడే, 5, 6 ఏళ్ల తర్వాత చేస్తారు, అదీ బిడ్డకు ఇష్టమైతేనే.

ఏ ఆపరేషన్ ఏం చేస్తుంది, ఏం చేయలేదు

ముక్కు గురించి ఎక్కువ చెబుతాను. చాలామంది అడిగేదీ, లెక్క తప్పడం సులువైనదీ ఇదే.

ముక్కు పైభాగం ఎముక, కిందిభాగం మృదులాస్థి (చెవి డొప్పలో ఉండేలాంటి మెత్తని ఎముక), పైన చర్మం. సర్జన్ చెక్కేది, కుట్టేది లోపలి చట్రాన్ని. చర్మం దాని మీద మళ్లీ సర్దుకోవాలి. ముక్కు కొసను వేళ్లతో మెల్లగా పట్టి చూడండి. చర్మం మందంగా, జిడ్డుగా ఉంటే లోపల ఎంత సన్నగా చెక్కినా బయటికి అంతగా తెలియదు, వాపు కూడా ఆలస్యంగా దిగుతుంది. చర్మం పల్చగా ఉంటే చిన్న ఎగుడుదిగుడు కూడా కనిపించేస్తుంది. మీరు చూపించే నటి ముక్కు మీకు రాకపోవచ్చని మంచి సర్జన్ చెప్పడానికి కారణం ఇదే.

ఊపిరి సంగతి మర్చిపోకండి. ఒక ముక్కు రంధ్రాన్ని వేలితో మూసి రెండోదాంతో పీల్చండి. ఇప్పుడు ఆ పక్క బుగ్గను రెండు వేళ్లతో చెవివైపు కొంచెం లాగి మళ్లీ పీల్చండి. గాలి ఒక్కసారిగా సాఫీగా వెళ్తే ఆ పక్క లోపలి దారి ఇరుకుగా ఉండొచ్చు. ఈ సంగతి సర్జన్‌కు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ముక్కును సన్నగా చేసేటప్పుడు ఆ దారి ఇంకా మూసుకుపోవచ్చు. సుశ్రుత సంహితలో తెగిన ముక్కును బుగ్గ చర్మంతో మళ్లీ కట్టే పద్ధతి ఉంది. అందులోనే ఊపిరి ఆడేందుకు రంధ్రాల్లో ఆముదపు కాడల గొట్టాలు పెట్టమనీ ఉంది. ఆకారం ఎంత ముఖ్యమో ఊపిరి అంత ముఖ్యమని అప్పటికే తెలుసు. మీ సర్జన్ లోపల లైటు వేసి చూడకుండానే ఫోటో చూసి ఒప్పుకుంటే, ఇంకొకర్ని వెతుక్కోండి.

ముక్కు మీద పెట్టిన పట్టీ దాదాపు వారం ఉంటుంది. ఎముక కోసి సరిచేసి ఉంటే కళ్లద్దాలు 4 నుంచి 6 వారాలు ముక్కు మీద ఆనకూడదు. వాపులో చాలా భాగం తొలి నెలల్లో దిగినా, కొస తన అసలు ఆకారానికి రావడానికి ఏడాది పడుతుంది, మందపు చర్మమైతే ఇంకా ఎక్కువ. ఎంత మంచి చేతుల్లో పడినా కొందరికి రెండో ఆపరేషన్ అవసరమవుతుంది, నూటికి 5 నుంచి 15 మందికి అని సాధారణంగా చెబుతారు. రెండోసారి చేయడం కష్టం. లోపల మచ్చకట్టి ఉంటుంది, చెవి నుంచో పక్కటెముక నుంచో మృదులాస్థి తీసుకోవాల్సి రావచ్చు.

కనురెప్పలు చిన్న ఆపరేషనే, కానీ కన్ను పక్కనే ఉంది. కళ్లు పొడిబారడం, మంట, కాంటాక్ట్ లెన్స్ పడకపోవడం, కంటికి లేజర్ చేయించుకుని ఉండడం, థైరాయిడ్ జబ్బు, గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు), వీటిలో ఏది ఉన్నా ముందే చెప్పాలి. చర్మం ఎక్కువ తీసేస్తే నిద్రలో కన్ను పూర్తిగా మూతపడదు. మా అక్కను సర్జన్ అద్దం ముందు కూర్చోబెట్టి, కనుబొమ్మను వేలితో కొంచెం పైకెత్తి "ఇప్పుడు చూడండి" అన్నారు. రెప్ప బరువు సగం పోయినట్టు కనిపించింది. జారింది రెప్ప ఒక్కటే కాదు, కనుబొమ్మ కూడా కొంత దిగిందని, ఆ సంగతి గమనించకుండా చర్మం కోసేస్తే కనుబొమ్మ ఇంకా కిందికి వస్తుందని ఆయన చెప్పారు. తర్వాత పల్చని పట్టకారుతో రెప్ప చర్మం పట్టి, కళ్లు మూయమని, తెరవమని, ఎంత తీయవచ్చో పెన్నుతో గీశారు. ఆ కాసేపట్లో నాకు అర్థమైంది, ఈ పనిలో మిల్లీమీటరు అంటే చాలా పెద్ద కొలత అని.

ముఖం బిగించే ఫేస్‌లిఫ్ట్ దవడ దగ్గర, మెడ దగ్గర వదులైనదాన్ని సరిచేస్తుంది. పెదవుల చుట్టూ సన్నగీతలు, ఎండకు పడిన మచ్చలు దాంతో పోవు. వయసు ఆగదు, అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. కోత చెవి ముందు నుంచి తమ్మె చుట్టూ తిరిగి చెవి వెనక్కి వెళ్తుంది. జుట్టు ఎలా కట్టుకుంటారో కూడా సర్జన్‌కు చెప్పండి. చెవి తమ్మె మొద్దుబారడం తరచూ జరిగేదే, ఎక్కువమందికి నెలల్లో తగ్గుతుంది. నుదురును, కింది పెదవిని కదిలించే నరాలకు దెబ్బ తగలడం అరుదు, కానీ జరగవచ్చని తెలిసే సంతకం పెట్టాలి. చర్మం కింద రక్తం గడ్డకట్టడం ఇందులో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఇబ్బంది. మగవాళ్లలో, బీపీ అదుపులో లేనివాళ్లలో ఇంకా ఎక్కువ.

బుగ్గల్లోని కొవ్వు తీయించుకోవడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పాతికేళ్ల వయసులో తొందరపడొద్దు. వయసుతో ముఖంలో కొవ్వు దానంతటదే తగ్గుతుంది. ఒకసారి తీసింది మళ్లీ రాదు. నలభైల్లో బుగ్గలు లోతుకు పోయి, అప్పుడు నింపించుకోవడానికి తిరగాల్సి రావచ్చు.

ఇంజెక్షన్లే కదా అనుకునేవాళ్లకు ఒక మాట. ముడతలు తగ్గించే బొటాక్స్ ప్రభావం మూడు నాలుగు నెలల్లో పోతుంది. లోతు పడ్డ చోట చర్మం కింద నింపే మందును ఫిల్లర్ అంటారు, అందులో హయలురోనిక్ యాసిడ్ రకం నచ్చకపోతే కరిగించే మందు ఉంది. ఆ రకంగా ఇవి ఆపరేషన్‌కంటే తేలిక. కానీ ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. ముక్కు, రెండు కనుబొమ్మల నడిమి చోటు ఇందులో ప్రమాదకరమైన చోట్లు. ఆ కరిగించే మందు పక్కన పెట్టుకోని చోట ఫిల్లర్ వేయించుకోకండి. పార్లర్లో అయితే అసలే వద్దు.

మీ ఒంటి సంగతి దాచకండి

సిగరెట్ తాగేవాళ్లయితే ఆపరేషన్‌కు కనీసం 4 వారాల ముందు, తర్వాత కనీసం 4 వారాలు పూర్తిగా మానేయాలి. ఒకటీ అరా అని కుదరదు. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. ఫేస్‌లిఫ్ట్‌లో చర్మాన్ని లేపి మళ్లీ పరుస్తారు, అంచులకు రక్తం అందకపోతే చెవి ముందో వెనకో నల్లబడి ఊడిపోతుంది. వేప్, నికోటిన్ గమ్, ప్యాచ్, నోట్లో పెట్టుకునే పొగాకు అన్నిట్లోనూ ఉన్నది అదే నికోటిన్. మానలేకపోతే ఆ మాట సర్జన్‌తో చెప్పి వాయిదా వేయించుకోండి. అబద్ధం చెప్పి బల్ల ఎక్కడం మాత్రం చేయకండి.

మందుల జాబితా రాసుకుని వెళ్లండి. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు, చేప నూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి మాత్రలు, జింకో అనే మూలిక లాంటివి రక్తస్రావాన్ని పెంచవచ్చు కాబట్టి సాధారణంగా ఒకటి రెండు వారాల ముందే ఆపమంటారు. "అవి మందులు కావు కదా" అని మూలికలు, పొడులు, టానిక్‌లు చెప్పకుండా వదిలేయకండి. గుండెకో, పక్షవాతం రాకుండానో రాసిన రక్తం పల్చబరిచే మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, రాసిన డాక్టర్, సర్జన్ మాట్లాడుకుని చెప్పాలి. బరువు తగ్గడానికి సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్ తీసుకుంటుంటే మత్తు డాక్టర్‌కు తప్పనిసరిగా చెప్పండి. కడుపు ఖాళీ కావడం ఆలస్యమై, మత్తులో ఉన్నప్పుడు లోపలిది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇంకా బరువు తగ్గే దారిలోనే ఉంటే, బరువు నిలకడగా నిలిచాక ఆపరేషన్ పెట్టుకోవడం మేలు.

పాత దెబ్బలు మానిన చోట మచ్చలు ఉబ్బి, గట్టిగా, దురదగా పెరిగాయా? చెవులు కుట్టించుకున్న చోట గడ్డ కట్టిందా? అది కెలాయిడ్ తత్వం కావచ్చు, ఇంట్లో వాళ్లకు ఉన్నా చెప్పాలి. పెదవుల దగ్గర తరచూ నీటి పొక్కులు వస్తుంటే ముఖం మీద లేజర్, పీల్ (మందు రాసి పై చర్మం పొర ఊడేలా చేయడం) చేసేముందు వైరస్‌ను అణిచే మందు ఇస్తారు. షుగర్, బీపీ అదుపులోకి వచ్చాకే తేదీ ఖాయం చేసుకోండి.

సర్జన్‌ని ఎంచుకోవడం

చాలా దేశాల్లో "కాస్మెటిక్ సర్జన్" అని బోర్డు పెట్టుకోవడానికి ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు. ప్లాస్టిక్ సర్జరీలో ఏళ్ల తరబడి శిక్షణ పొందినవాళ్లు వేరు, కొద్దిరోజుల కోర్సు చేసినవాళ్లు వేరు. ముక్కుకు చెవి ముక్కు గొంతు విభాగంలో, రెప్పలకు కంటి విభాగంలో ఈ ప్రత్యేక శిక్షణ తీసుకున్నవాళ్లు కూడా ఉంటారు. బోర్డు మీది అక్షరాలు నమ్మకుండా, మీరుండే దేశపు వైద్య మండలి రిజిస్టర్‌లో పేరు, డిగ్రీ మీరే వెతికి చూడండి. పెద్దాసుపత్రిలో ఇదే ఆపరేషన్ చేయడానికి ఆయనకు అనుమతి ఉందా అని కూడా అడగండి.

కనీసం ఇద్దరి దగ్గరికి వెళ్లండి. మేం మొదట వెళ్లిన చోట డాక్టర్‌ని చూసింది ఐదు నిమిషాలు. ఆ తర్వాత ఒకమ్మాయి మమ్మల్ని చిన్న గదిలో కూర్చోబెట్టి, రెప్పలతోపాటు బుగ్గలు, గడ్డం కూడా కలిపి ఒక ప్యాకేజీ ముందు పెట్టింది. "ఈ రాత్రిలోగా అడ్వాన్స్ కడితే తగ్గింపు మేడమ్, రేపు ఉండదు" అంది. అక్క వెళ్లింది రెప్పల కోసం. బయటికి వచ్చాక కారులో అద్దం తిప్పుకుని తన గడ్డం చూసుకుంటూ "నిజంగానే అంత బాలేదా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆమె నోట వచ్చినందుకు నాకు ఇప్పటికీ కోపం ఉంది. మీరు అడగని లోపం చూపించేవాళ్ల దగ్గర, గడువు పెట్టి తొందరచేసేవాళ్ల దగ్గర డబ్బు కట్టకండి.

రెండో సర్జన్ కింది రెప్పలకు వద్దన్నారు. "మీకు దానివల్ల ఒరిగేది తక్కువ, కన్ను పొడిబారితే బాధ ఎక్కువ" అన్నారు. వద్దు అనగలిగిన మనిషి కాబట్టే పై రెప్పలు ఆయన చేతుల్లో పెట్టాం.

కన్సల్టేషన్‌కు ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. గత ఏడాదిలో ఇదే ఆపరేషన్ ఎన్నిసార్లు చేశారు? అందులో ఎంతమందికి మళ్లీ సరిచేయాల్సి వచ్చింది? నాలాంటి ముఖానికి చేసినవాళ్ల ఫోటోలు, ఏడాది నిండాక తీసినవి చూపిస్తారా? కోత ఎక్కడ, మచ్చ ఎక్కడ? నాకు ఎక్కువగా రాగల ఇబ్బంది ఏది? అర్ధరాత్రి ఏదైనా అయితే ఎవరు ఫోన్ ఎత్తుతారు, ఏ ఆసుపత్రికి వెళ్లాలి? ఆపరేషన్ మొదటి నుంచి చివరిదాకా మీరే చేస్తారా? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతాం. అడగండి.

ఫోటోలు చూసేటప్పుడు ముఖాన్ని చూసేముందు దాని వెనకగోడను, వెలుతురును చూడండి. మొదటి ఫోటోలో గడ్డం కిందికి దించి, రెండో దాంట్లో పైకెత్తితే మెడ దానంతటదే బిగిసినట్టు కనిపిస్తుంది. ఒకదాంట్లో దిగులు ముఖం, ఇంకోదాంట్లో నవ్వు, మేకప్ ఉంటే ఆ రెంటినీ పోల్చడానికి లేదు. కంప్యూటర్లో మీ ముఖం మార్చి చూపించే బొమ్మ మాట్లాడుకోవడానికి పనికొస్తుంది, అది హామీ కాదు. ఆ బొమ్మ ప్రింటు తీసుకుని, "ఇందులో ఏది రాకపోవచ్చు?" అని అడగండి.

డబ్బు, సంతకం, మత్తు

ఖర్చు విడివిడిగా రాసి ఇమ్మనండి: సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, ఆపరేషన్ గది, మందులు, తర్వాతి చెకప్‌లు. మళ్లీ సరిచేయాల్సి వస్తే ఎవరు కట్టాలి, ఎంత కట్టాలి అన్నది కూడా కాగితం మీద ఉండాలి. అందం కోసం చేసేదానికి బీమా సాధారణంగా రాదు, దానివల్ల వచ్చిన ఇబ్బందులకు వస్తుందో లేదో ముందే కనుక్కోండి. అప్పు చేసి మాత్రం వద్దనే అంటాను. తొలి నెలల్లో ఫలితం ఇంకా కనిపించక, కిస్తీలు మాత్రం వస్తుంటే మనసు మీద రెట్టింపు బరువు పడుతుంది.

అంగీకార పత్రాన్ని ఆపరేషన్ ఉదయం స్ట్రెచర్ పక్కన చదవకూడదు. ముందే తీసుకుని ఇంట్లో చదవండి, అర్థంకాని వాక్యాల కింద గీత గీసి అడగండి. మీ ఫోటోలు ప్రచారానికి వాడుకోవచ్చని ఒక గడి ఉంటుంది. ఇష్టం లేకపోతే కొట్టేయండి, అది మీ హక్కు.

మత్తు ఎవరిస్తారు? సర్జనే ఒక చేత్తో కోస్తూ మత్తు కూడా చూసుకుంటాననే చోటు వద్దు. పూర్తి మత్తయినా, నిద్రమత్తయినా, ఆ పనికే శిక్షణ ఉన్న మనిషి మీ తల దగ్గర ఉండాలి. గదిలో ఆక్సిజన్, గుండె కొట్టుకోవడాన్ని చూపే మానిటర్, అత్యవసర మందులు ఉండాలి. సాధారణంగా ఘనాహారం 6 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. మీ మత్తు డాక్టర్ చెప్పిన లెక్కే మీకు లెక్క.

మూడో రోజు ముఖానికి సిద్ధపడండి

ఇది ఎవరూ సరిగా చెప్పరు. వాపు మొదటి రోజుకంటే రెండో, మూడో రోజున ఎక్కువవుతుంది. మా అక్క మూడో రోజు పొద్దున అద్దంలో చూసుకుని ఏడ్చింది. రెప్పలు పండిన నేరేడు పళ్లలా ఉన్నాయి, ఒక కన్ను రెండోదానికంటే చిన్నదిగా కనిపించింది. "ఎందుకు చేయించుకున్నానే" అంది. ఆరో రోజు కుట్లు విప్పేసరికి నలుపు పసుపులోకి దిగింది. రెండు వారాలకు బయట వాళ్లకు తెలియనంతగా తగ్గింది. ఆ మూడో రోజు గురించి ముందే తెలిసి ఉంటే ఆ ఏడుపు కొంతైనా తగ్గేదనే ఇదంతా రాస్తున్నాను.

కాబట్టి మొదటి రెండు రోజులు రాత్రీ పగలూ తోడుండే మనిషిని మాట్లాడుకోండి. రెప్పలకు వారం పది రోజులు, ముక్కుకు కూడా దాదాపు అంతే, ఫేస్‌లిఫ్ట్‌కు రెండు మూడు వారాలు సెలవు పెట్టండి. ఏ పెళ్లికో, ఇంటర్వ్యూకో ముందు నెలలో అసలు పెట్టుకోవద్దు. తల కింద రెండు మూడు దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకోవడం ముందు వారం నుంచే అలవాటు చేసుకోండి. వంగి తీసే పనులు, బరువులు, వ్యాయామం సర్జన్ సరేననేదాకా ఆపండి. విమానం ఎక్కి వెళ్లి వేరే ఊళ్లో చేయించుకుంటే, వెంటనే తిరుగు ప్రయాణం పెట్టుకోకుండా కుట్లు విప్పేదాకా అక్కడే ఉండే ఏర్పాటు ఉండాలి.

ఈ గుర్తులు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి: ఒక పక్కే ఉన్నట్టుండి ఉబ్బడం, మందుకు తగ్గని నొప్పి, ఆగని రక్తం, జ్వరం, చీము, చర్మం నల్లబడడం, ఊపిరి ఆడకపోవడం. రెప్పల ఆపరేషన్ తర్వాత కన్ను ముందుకు తోసుకొచ్చినట్టు నొప్పి వచ్చినా, చూపు మసకబారినా పొద్దునదాకా ఆగకండి. కంటి వెనక రక్తం చేరితే చూపు నిలబెట్టుకోవడానికి ఉన్న సమయం గంటల్లోనే ఉంటుంది. తోడున్న మనిషికి కూడా ఇది ముందే చదివి వినిపించండి, మీరు మగతలో ఉండవచ్చు.

మచ్చ ఎర్రదనం పోయి మెత్తబడడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అన్నాళ్లూ ఎండ తగలకుండా, కనీసం 30 ఎస్‌పీఎఫ్ ఉన్న సన్‌స్క్రీన్ రాసుకుంటూ ఉండాలి. మధ్యలో రోజూ ఫోటో తీసుకుని కొలుచుకోవద్దు, నెలకొకటి చాలు. ఏడాది నిండాక అదే కిటికీ దగ్గర, అదే దూరంలో, నవ్వకుండా, నవ్వుతూ మళ్లీ తీయించుకోండి. పాత ఫోటోలు, మొదటి రోజు రాసిన కాగితం పక్కన పెట్టుకుని చూడండి. సరిచేయించుకోవాల్సింది ఇంకా ఉందనిపిస్తే ఆ మూడూ పట్టుకుని అప్పుడు సర్జన్ దగ్గరికి వెళ్లండి.